పెద్దకోడలి జడలో పూలు

మా అమ్మ నన్ను పదమూడు రోజులు వరుసగా తిట్టింది. తిడుతున్నది నన్నేనని ఆమెకు తెలియదు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్నీ విన్నాను.

ఛత్రినాకలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. బాపు బస్ డిపోలో మెకానిక్‌గా చేసి, రిటైర్ కాకముందే పోయాడు. అమ్మా నేనూ మిగిలాం. టీవీ సీరియళ్లకు మాటలు రాయడం నా పని. కథ ఎవరో పెద్ద రచయిత చెబుతాడు, కింద కూర్చుని డైలాగులు రాసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అలాంటివాళ్లలో నేనొకదాన్ని. ఏ సీరియల్‌కు రాస్తున్నానో అమ్మ అడిగేది కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు.

సాయంత్రం ఏడున్నరయిందంటే మాత్రం ఆ ఇంట్లో నా మాట చెల్లదు. అమ్మ చూసే సీరియల్ ఆరేళ్లుగా నడుస్తోంది. ఎదురింట్లో చీరలకు ఫాల్స్ కుట్టే అక్క, ఆమె అత్త, సందు మూలన కిరాణా కొట్టు నడిపే ఆమె, ముగ్గురూ వచ్చి మా టీవీ ముందు చేరేవారు. నేను వంటింటి గడప దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా రాత నేను రాసుకునేదాన్ని. సీరియళ్ల మీద బతుకుతూ కూడా ఇంకొకరి సీరియల్ చూడాలంటే నాకు ఒళ్లు మంట. ఈ పొగరు సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, జరిగిందంతా దానివల్లే కాబట్టి.

ఒకరోజు ఛానల్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అదే సీరియల్‌ను మొదటినుంచీ రాస్తున్న పెద్దాయన వాళ్లతో మాటా మాటా వచ్చి మానేశాడట. "నెల రోజులు నువ్వు రాయి, చూద్దాం" అన్నారు. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట అది. అమ్మకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అమ్మకు చెబితే సందంతా చెప్పినట్టే. నెల తిరక్కుండా తీసేస్తే తల ఎక్కడ పెట్టుకోను? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుందని ఊరుకున్నాను.

నా చేతికి ఇచ్చింది రెండు పేజీల కథాసారం, ఆయన రాసి ఉంచిన ఒకటి రెండు సీన్లు. మిగతాదంతా పెద్దాయన బుర్రలో ఉండి, ఆయనతోనే వెళ్లిపోయింది. చివరి యాభై ఎపిసోడ్లు గబగబా తిప్పి చూసి, అర్థమైపోయింది అనుకున్నాను. ఇంట్లో ఆడపడుచు నిశ్చితార్థం ఘట్టంతో నా రాత మొదలైంది. "పెద్దకోడలు పట్టుచీర కట్టి, జడ నిండా మల్లెపూలతో మెట్లు దిగుతుంది" అని రాశాను. సెట్‌లో పాతవాళ్లు పెద్దాయనతోపాటే మానేశారు, ఉన్నవాళ్లంతా బాగుందన్నారు. నాకూ ముచ్చటేసింది.

అది ప్రసారమైన సాయంత్రం నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. పొగడ్తలు వినాలని చెవులు తెరిచి కూర్చున్నాను. పెద్దకోడలు మెట్లు దిగింది. ఫాల్స్ అక్క ముందుకు వంగి, "వదినా, గా పూలేంది?" అంది.

"ఆగు, కల గావొచ్చు" అంది అమ్మ.

యాడ్లు వచ్చేదాకా నలుగురూ అది కల కావాలని కాచుకుని కూర్చున్నారు. కల కాలేదు. అప్పుడు అమ్మ, "గిది రాసినోని చేతులు పడిపోను" అంది.

ఏమైందని అడిగాను. ఫాల్స్ అక్క నన్ను జాలిగా చూసి చెప్పింది. నాలుగేళ్ల కింద ఆ ఇంటి చిన్న మరిది మీద దొంగతనం మోపి వెళ్లగొట్టారట. వాడు తిరిగి గడప తొక్కేదాకా తలలో పూలు పెట్టనని పెద్దకోడలు దేవుని ముందు ఒట్టేసుకుందట. "గప్పటిసంది పెండ్లికి గూడ ఒట్టి జడనే. గీ ముచ్చట చిన్నపోరగాండ్లకు గూడ ఎర్కనే. రైటర్ మారిండంట, ఫోన్ల చెప్తున్నరు. ఎవడో కొత్తోడు దిగిండు."

"వీన్ని గన్నతల్లి ఏం తిని గన్నదో" అంది అమ్మ.

నేను లేచి వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

వెంటనే దిద్దుదామంటే కుదరదు. ఎపిసోడ్లు ముందుగానే తీసి పెట్టుకుంటారు. నిశ్చితార్థం సంబరమంతా అప్పటికే షూటింగ్ అయిపోయింది, పదమూడు ఎపిసోడ్లలోనూ ఆ పిల్ల జడలో పూలే. రోజూ ఏడున్నరకు ఆ పూలు కనబడేవి, తిట్లు మొదలయ్యేవి. ఫోన్ తెరిస్తే అక్కడా అదే లొల్లి. పాతాయన్ను పిలిపించండని వందలమంది రాశారు. ఈ కొత్తోడికి ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదని ఒకరు రాశారు. ఆ మాట మూడురోజులు మింగుడు పడలేదు.

అంతకన్నా మండింది ఇంకొకటి. అత్త పాత్రకు నేను కష్టపడి రాసిన ఒక సీన్ మా గదిలో వాళ్లకు నచ్చింది. కిరాణా కొట్టామె కళ్లు తుడుచుకుంటూ, "గిది పాతాయన రాసివెట్టి పోయి ఉంటడు" అంది. మర్నాడు ఆయన రాసి ఉంచిన సీనే ఒకటి వస్తే, కొత్తోడు పాడుజేసిండని తిట్టారు. బాగుంటే ఆయనది, బాగాలేకపోతే నాది. ఇదేం న్యాయమని అరవాలనిపించింది. రాసేది నేను, రోజుకు పదహారు పేజీలు చేతులు పడిపోయేలా రాసేది నేను, వీళ్ల సొత్తయినట్టు ఈ పంచాయితీ ఏమిటి అనుకున్నాను.

పదమూడో రోజు వాళ్లు ముగ్గురూ వెళ్లాక ఉండబట్టలేక అడిగేశాను. "పూలకు ఇంత లొల్లేందమ్మా? సీరియలే గదా."

అమ్మ చాప మడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "టీవీల అందరు తలనిండ పూలు వెట్టుకునేటోళ్లే. మీ బాపు పోయినంక, నా లెక్క పూలు లేకుంట కనవడేది గా పిల్లొక్కతే. పండుగనాడు గూడ గట్లనే ఉంటుండె. గామెను జూస్తె నాకు జర ధైర్యమయితుండె బిడ్డా. ఇప్పుడు గామె గూడ పాయె."

ఆరేళ్లు. అదే గదిలో, నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. ఒక్కసారి తలెత్తి టీవీ చూసినా, ఏం జూస్తున్నవమ్మా అని ఒక్కరోజు అడిగినా ఆ పూలు రాసేదాన్ని కాదు. ఫోన్‌లో తిట్టిన వందలమంది మీద నాకున్న కోపమంతా ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే నంబర్ సంపాదించి పాత రచయితకు ఫోన్ చేశాను. ఇంకా ఎవరెవరు ఏ ఒట్లు పెట్టుకున్నారో ఎక్కడైనా రాసి ఉంచారా అని అడిగాను. ఆయనది కోస్తా వైపు మాట. నవ్వాడు. "రాసుకోవడం ఏంటమ్మా? మా ఆవిడ రోజూ చూసేది. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరు ఏ మొక్కు మొక్కారో ఆవిణ్ణే అడిగేవాణ్ణి. మీ ఇంట్లో ఎవరూ చూడరా?"

ఉంటానండీ అని ఫోన్ పెట్టేశాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు తిడుతున్న కొత్త రైటర్ నేనే."

మొదట నవ్వింది. నా ముఖం చూశాక చాట మీద చేయి ఆగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, నా చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో పడేసింది. నా రెండు చేతులూ పట్టుకుని ముంజేతుల దాకా నిమిరింది. "తల్లి తిట్టు తగలదంటరు. తగలదు గదా?" అని నన్నే అడిగింది. కాసేపటికి, "నీ తల్లిని గూడ తిడితి గదనే, నన్ను నేనే తిట్టుకుంటి" అని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

నేను నోట్‌బుక్ తెరిచాను. "నీకు తెలిసిందంతా చెప్పమ్మా. ఆ పూలు ఎట్ల తీయాలె? నేను ఇంకా ఏమేం తప్పులు చేసిన?"

"తప్పులేంది? ఏం తప్పుల్లేవు బిడ్డా. పూలు ఉండనియ్యి. పిల్ల మంచిగనే కనవడ్తున్నది."

"నిన్నటిదాక చేతులు పడిపోను అన్నవు గదా!"

"నిన్న నాకెర్కనా?" అంది అమ్మ.

ఎంత అడిగినా అంతకుమించి రాలేదు. నాకు కావలసింది ఆ నిన్నటి మనిషి. ఆమె నా కళ్లముందే మాయమైపోయి, మా అమ్మ మిగిలింది.

ఛానల్‌వాళ్లతో పోట్లాడి ఒక సీన్ రాశాను. పెద్దకోడలు ఒట్టు తప్పినందుకు దేవుని ముందు ఏడ్చి, పూలు తీసి పక్కన పెడుతుంది. ఫోన్‌లో తిట్లు కొంత తగ్గాయి. నెల గడిచింది, నన్ను తీసేయలేదు, ఇక రోజూ ఆఫీసులోనే కూర్చుని రాయమన్నారు. కానీ మా ఇంట్లో ఏడున్నర మునుపటిలా లేదు. అమ్మ ముందే హెచ్చరించింది, "జర నోరు సంబాలించుకోండ్రి, రాసేది మా బిడ్డ" అని. ఒకరోజు ముగ్గురూ బిగుసుకుని కూర్చుని చూశారు. వారం తిరిగేసరికి ఫాల్స్ అక్కకు పత్తర్‌గట్టి దుకాణాలనుంచి చీరలు ఎక్కువొచ్చాయి, ఆమె అత్తకు మోకాళ్ల నొప్పులొచ్చాయి, కిరాణా కొట్టులో గిరాకీ పెరిగింది. అమ్మ ఒక్కతే చూసేది. నేను బస్సు దిగి ఇంటికి రాగానే, అడగకముందే, "మంచిగున్నది బిడ్డా" అనేది. ప్రతిరోజూ అదే మాట. ఏం బాగుందమ్మా అంటే, అంతా బాగుందనేది.

మొన్నొక రోజు పని తొందరగా ముగిసి, ఏడుంబావుకే సందులోకి వచ్చాను. ఇంటికి తాళం. అమ్మ కూరగాయలకు పోయిందేమోనని మెట్టు మీద కూర్చున్నాను. ఏడున్నరకు ఎదురింట్లోనుంచి టీవీ చప్పుడు మొదలైంది. నా సీరియల్ పాట కాదు, వేరే ఛానల్‌ది. కాసేపటికి ఆ చప్పుడును మించి అమ్మ గొంతు వినబడింది.

"గంత పెద్దమనిషిని వట్టుకొని గట్లంటదా? రాసినోనికి దిమాగున్నదా లేదా? మొన్ననే గామె కాలు విరిగితె మోసింది గాయననే గదా! వీనికి యాది లేకుంటె మనకు లేదా?"

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నెలరోజులయింది ఆ గొంతు విని. ముచ్చటేసింది, ఏడుపూ వచ్చింది. కదలకుండా అక్కడే కూర్చున్నాను.

ఎనిమిది కావస్తుండగా అమ్మ బయటికి వచ్చింది. నన్ను చూసి తడబడి కొంగు సర్దుకుంది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"గిప్పుడే."

తాళం తీసింది. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఇయ్యాల సీరియల్ చూసినవా అమ్మా?"

"చూడకుంటెట్ల?" అంది అమ్మ, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ. "మస్తు మంచిగున్నది బిడ్డా."