వళ్లెమ్మ ఇంటి మూడు గడపలు

నగరి ఊళ్లో ఆ ఇంటి పని నాకు అప్పగించింది ఆడికృత్తిక పండగ కావళ్ల సందడి ముగిసిన వారంలో, నేను ఉద్యోగం దిగిపోవడానికి ఇంకా ఆరేళ్లు ఉన్నాయనగా. తిరుపతిలో ఇళ్లకు నేల పరిచే ఒక కాంట్రాక్టు సంస్థలో అప్పటికి నేను సీనియర్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర వరస ఇలా ఉండేది: సిమెంటు మాలు కలిపి మోసేవాడు హెల్పరు, పలక పరిచేవాడు మేస్త్రీ, నలుగురైదుగురు మేస్త్రీల మీద ఒక సూపర్‌వైజరు. కొలతలు తీసుకోవడం, ఏ గదికి ఏ రాయో చెప్పడం, పని ముగిశాక ఇంటివాళ్లకు అప్పగించడం, ఒక వానాకాలం పోయాక తిరిగి వెళ్లి చూసి రావడం సూపర్‌వైజరు బాధ్యత. నా నోరు కొంచెం దురుసు. మట్టం తప్పితే నా తోడబుట్టినవాణ్నైనా వదిలేవాణ్ని కాదు. నా పేరు చెబితే మేస్త్రీలు బీడీ పారేసి లేచేవాళ్లు. ఆ సంగతి నాకూ తెలుసు, తెలిసి కొంచెం మురిసిపోయేవాణ్ని కూడా.

ఆ ఇల్లు నేతవాళ్లది. వీధి నుంచి దొడ్డి దాకా రైలుపెట్టెలా పొడుగ్గా మూడు గదులు. ముందు మగ్గం గది, దాని వెనక నట్టిల్లు, దాని వెనక వంటిల్లు. మగ్గం గదిది పేడతో అలికిన మట్టి నేల. మధ్యలో మగ్గం నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంట అలాగే ఉంది, మగ్గం మాత్రం లేదు. నట్టింటికి రెడ్డాక్సైడు గచ్చు. సిమెంటులో ఎర్రరంగు కలిపి, తాపీతో గంటలకొద్దీ రుద్ది నునుపు తేల్చే నేల అది. ఇప్పటివాళ్లకు ఆ ఓపిక లేదు. వంటింటికి నాపరాళ్లు. గదికీ గదికీ మధ్య చెక్క గడప, దాటగానే రెండంగుళాల ఎగుడో దిగుడో. ఒకే ఇంట్లో మూడు కాలాల నేలలు.

నేను టేపు పట్టుకుని నట్టింట్లో నిలబడి ఉంటే, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వంటింట్లోంచి గ్లాసు నిండా మజ్జిగ పట్టుకుని వచ్చింది. గడప దాటింది, నాకు రెండడుగుల దూరంలో ఆగింది. చుక్క ఒలకలేదు. "తాగు నాయనా, ఎండలో వచ్చినావు" అని చెయ్యి చాపింది. నేను అందుకోగానే మళ్లీ వెనక్కి తిరిగి చకచకా వెళ్లిపోయింది. ఆమె వళ్లెమ్మ, ఇంటి యజమాని ఏకాంబరం తల్లి.

ఏకాంబరానికి దొడ్డి పక్క షెడ్డులో నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. వాటికి కావలసిన కండెల్లో సగం తల్లే చుట్టేది. మగ్గం గదిలో ఆ పాత గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసుకుని, రాట్నం తిప్పుతూ నూలు కండెలకు ఎక్కించేది. అదంతా చెప్పాక ఏకాంబరం గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మకు సూపు లేదు సార్. పన్నెండేళ్లయింది."

నేను నమ్మలేదు. మజ్జిగ ఇచ్చిన మనిషికి చూపు లేకపోవడమేమిటి? అతను నవ్వి, కొత్తవాళ్లెవరూ కనిపెట్టలేరన్నాడు. తనే కాఫీ పెట్టుకుంటుందట, తనే దొడ్లోకి పోయి వస్తుందట, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలిస్తుందట. "కానీ వయసయిపోతా ఉండాది. ఏదో ఒక పొద్దు గడప తట్టుకుని పడతాదని నాకు భయం. గుంట ఒకటి ఆడ నోరు తెరుచుకుని ఉండాది. అన్నీ తీసేసి ఇల్లంతా ఒకటే మట్టం చేసేయండి సార్, మా అమ్మ కోసం."

కన్నతల్లి కోసం నేల మార్పించే కొడుకు ఎంతమందికి ఉంటాడు? అతని భుజం తట్టాను. వీధి వాకిలి గడపకు పసుపు కుంకుమ పెడతారు కాబట్టి దాన్ని కదిలించబోమని, లోపలి రెండూ, దొడ్డివైపుదీ తీసేస్తామని చెప్పాను. ఇల్లంతా రెండడుగుల విట్రిఫైడ్ పలకలు, ఒకే రంగు, ఒకే మట్టం. గోలీ వదిలితే ఉన్నచోటే నిలబడాలి, నాదీ పూచీ అన్నాను. రంగు ఎలా ఉండాలో కొడుకును అడిగాను, వంటింటి గట్టు సంగతి కోడలు గౌరిని అడిగాను. వళ్లెమ్మను ఏమీ అడగలేదు. చూపు లేని మనిషిని నేల గురించి అడిగేదేముందని అనుకున్నాను.

పని జరిగినన్నాళ్లు ఆమెను సత్యవేడులో కూతురింటికి పంపారు. దుమ్ములో ఉండకూడదని ఆ సలహా ఇచ్చిందీ నేనే.

పని మాత్రం నా జన్మలో అంత శుభ్రంగా చేయించలేదు. మగ్గం గుంట పూడ్చడం తమాషా కాదు. మట్టి కుమ్మరించి పైన పలక వేస్తే ఏడాదికల్లా కుంగుతుంది. అరడుగు గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, మళ్లీ అరడుగు పోయించాను. పైన కంకర కాంక్రీటు పరిపించాను. నట్టింటి రెడ్డాక్సైడు గచ్చు మాత్రం ఒక పట్టాన పగల్లేదు. మేస్త్రీ మునిరత్నం సమ్మెట దించి, "ఇంత మంచి నేలను పగలగొడతాండామే సార్" అన్నాడు. నోరు మూసుకుని పని చూడమన్నాను. దొడ్డి వాకిట్లో గడప తీసిన చోట నేలతో సమానంగా గ్రానైటు పట్టీ వేయించాను. ఆ పట్టీ దాటితే మూడు మెట్లు దిగాలి.

అప్పగించే రోజు ఏకాంబరం తల్లిని తీసుకొచ్చాడు. ఆమె వీధిలో చెప్పులు విడిచి, గడపకు దణ్ణం పెట్టి లోపలికి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కాలిని అటూ ఇటూ జరిపింది. "ఏమబ్బా, ఇది మన ఇల్లేనా?" అంది.

అందరం పకపకా నవ్వాం. ఇల్లు అంత గొప్పగా మారిపోయిందని మెచ్చుకుంటోందనుకున్నాం. నేనైతే, మీ ఇల్లే అమ్మా, ఇక కాలికి ఏమీ తగలదు, ధైర్యంగా తిరగండి అని గట్టిగా చెప్పాను. ఆమె నవ్వలేదు. మా నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

వానలు పోయి, కార్తీకం ముగిశాక చూసి రావడానికి వెళ్లాను. ఆ పనిలో పెద్ద విద్యేమీ లేదు. స్క్రూడ్రైవరు పిడితో పలక పలకనూ కొట్టుకుంటూ పోవాలి. కింద మాలు నిండుగా ఉంటే గట్టి శబ్దం, లేకపోతే డొల్ల శబ్దం. ఆ ఇంట్లో ఒక్క పలకా డొల్ల పలకలేదు. పూడ్చిన గుంట మీద పలకలు వెంట్రుకవాసి దిగలేదు. వళ్లెమ్మ మగ్గం గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు కట్టు. రాట్నం గోడకు ఆనించి ఉంది.

గౌరిని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. కొత్త ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ అత్తకు దారి తెలియలేదట. నట్టిల్లనుకుని వంటింట్లో పడక పరవమనేదట. పదో రోజు పొద్దున వంటింట్లోకే పోతున్నాననుకుని దొడ్డి వాకిలి దాటేసింది. మూడు మెట్లూ ఒకేసారి దిగి పడిపోయింది, మణికట్టు విరిగింది. ఎముక అతికినా వేళ్లకు పట్టు రాలేదు, ఇక కండె చుట్టలేదు. అయినా అత్త దిగులు చెయ్యి గురించి కాదంది గౌరి. దొడ్డికి పోవాలన్నా కోడల్ని పిలవాల్సి వస్తోందే అని ఏడుస్తోందట.

నేను వెళ్లి వళ్లెమ్మ పక్కన నేల మీదే కూర్చున్నాను. ఆమే చెప్పింది.

"మగ్గం గదిలో మెత్తగా ఉండేది నాయనా. గడప దాటితే నున్నగా. రెండోది దాటితే చల్లగా, రాయి రాయికీ సందు తగిలేది. మూడో గడప తగిలితే దొడ్డి, ఇంక కిందికి దిగాల. ఇప్పుడు యాడ నిలబడినా ఒకటే నేల. నేను యాడుండానో నాకే తెలీకుండా పోయిండాది."

ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. అడగకూడని మాట అది.

"నాకు మాత్రం తెలుసునా? నడిచేదాన్ని. ఎట్ల నడస్తానో ఎవరన్నా ఎంచుకుంటారా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఏకాంబరం గోడకు ఆనుకుని నిలబడి, అమ్మ కోసమే కదా సార్ చేయించినాను అని రెండుసార్లు అన్నాడు. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. ముప్పై ఏళ్లు ఇళ్లల్లో నేలలు పరిచినవాణ్ని, తెలుసుకోవలసింది నేను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఆదివారమే మునిరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మూడు వాకిళ్లలోనూ పలకలు కోసి తీసి, ఉలితో గరుకు కొట్టిన నల్లరాయి పట్టీలు అరంగుళం పైకి నిలిచేలా పెట్టాం. దొడ్డి వాకిట్లో ఒకటి కాక రెండు పెట్టాం. మాలు ఆరాక, నాలుగో రోజు, నేనే వెళ్లి వళ్లెమ్మను కుర్చీలోంచి లేపాను. చెయ్యి విదిలిస్తుందేమో అనుకున్నాను. గట్టిగా పట్టుకుంది.

మొదటి పట్టీ మీద పాదం ఆనించి అడిగింది, "ఇది నట్టింటిదా?" అవునన్నాను. అటు వేసిన అడుగును మళ్లీ వెనక్కి తీసుకుంది. ఒక్కరే ఒకసారి నడిచి చూడమని బతిమాలాను. నిలబడింది. పాదంతో పట్టీని రెండుసార్లు తడిమింది. "రాయి బాగుండాది నాయనా. నా కాలే నన్ను నమ్మడంలా. కూర్చోబెట్టు" అంది. కూర్చోబెట్టాను. మునిరత్నం బయటికి వెళ్లిపోయాడు. నాకూ ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను.

ఆ తరువాత నాలుగైదుసార్లు వెళ్లాను. రోజూ కొంచెం నడిపించమని గౌరికి చెప్పేవాణ్ని, ఆ పిల్ల పాపం నడిపించేది కూడా. చెయ్యి వదిలితే మాత్రం ఆమె కదిలేది కాదు. మరుసటేడు ఏకాంబరం ఫోను చేశాడు. చాలాసేపు నసిగాడు. ఆ రాతిపట్టీలు తట్టుకుని వాళ్ల చిన్నపిల్ల పడి పెదవి చీలిందట. అమ్మ ఎలాగూ కుర్చీ దిగడం లేదు, వాటిని తీసేసి మామూలుగా చేసిపెట్టగలరా అని అడిగాడు. ఎవరినైనా పంపి ఉండవచ్చు. నేనే వెళ్లాను.

ఉలి దెబ్బ వినగానే కుర్చీలోంచి ఆమె ఎవరప్పా అది అంది. సార్ వచ్చినాడు, పలకలు సరిచేస్తాండాడు అని కొడుకు చెప్పాడు.

"గడపలు తీసేస్తాండారా?"

నేను ఉలి పక్కన పెట్టాను.

"తీసేయండి. పిల్లోళ్ల కాళ్లకు తగలతాండాయి" అంది.

మూడు వాకిళ్లూ సమం చేసి, సందులు పూడ్చి, తుడిచి అప్పగించాను. ఎక్కడా అతుకు కనబడలేదు.

ఆ పని తరువాత రిటైరయ్యేదాకా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. టేపు తీయకముందు ప్రతి ఇంట్లోనూ ఒక పూట కూర్చునేవాణ్ని. ఇంట్లో ఉండే ప్రతి మనిషినీ వీధి వాకిలి నుంచి దొడ్డి దాకా నడవమని వెనకాలే నడిచేవాణ్ని. ముసలివాళ్లను, చూపు తగ్గినవాళ్లను రెండుసార్లు నడిపించేవాణ్ని. వాళ్ల కాలు ఎక్కడ తడబడిందో, ఎక్కడ చూడకుండా ముందుకు పోయిందో కొలతల పుస్తకంలో రాసుకునేవాణ్ని. కాలు అలవాటుపడిన చోట గడప తీయమన్నా తీసేవాణ్ని కాదు. కొందరు ఇంటివాళ్లు నవ్వేవాళ్లు, ఒకరిద్దరు పని వేరేవాళ్లకు ఇచ్చుకున్నారు. పాత నేలను పగలగొట్టడానికి ఒక్క రోజు చాలు. దాని మీద నడిచిన మనిషికి ఆ నడక తిరిగి ఇవ్వడం మాత్రం నాకు చేతకాలేదు.