నూకాలప్ప తాడు పట్టుకున్న గుంటలు

పొద్దున్న ఆరున్నరయ్యింది. రాత్రి నుంచీ ఒకటే ముసురు. కడుపులో ఆకలి కరకరలాడతంది. పోర్టు నైట్ డ్యూటీలో మూటలు మోసి, టీ సుక్క కూడా తాగకుండా పట్టాల కాడికొచ్చీసేను. ఆగస్టు పదిహేను కదా, తాడు కొస నానే పట్టుకోవాల.

ఈ తాడు సంగతి సెప్పాల. మాది కంచరపాలెం, పట్టాల పక్క ఈది. ఇస్కూలేమో పట్టాలకి అవతల. జెండా అక్కడే, మిఠాయీ అక్కడే. పోర్టుకెల్లే గూడ్సు అడ్డంగా ఆగిపోతే పెద్దోళ్లం కిందనుంచి దూరిపోతాం. మమ్మల్ని సూసి సిన్న పిల్లలు, గుంటలూ దూరేవోరు. ఇళ్లల్లో అంట్లు తోముకునే నూకాలప్ప ఓ ఏడు అది సూసింది. పోర్టులో పారేసిన లావుపాటి తాడొకటి నా సేత తెప్పించినాది.

"ఒరే గుంటల్లారా, తాడు ఒగ్గేసినోడికి మిఠాయి లేదు!"

అందరి సేతా తాడు పట్టించి, దూరమైనా ఓవర్‌బ్రిడ్జి మీంచి నడిపించీది. ముందర తను, ఎనకాల నాను. ఒక్క గుంట తగ్గకుండా అవతలికి సేర్సాల, అదే ఆవిడ పట్టు. అప్పట్నుంచి మా ఈదికి పంద్రాగస్టంటే ఆ తాడే. ఆనాడు పట్టుకున్నోళ్లు ఇప్పుడు తమ గుంటల్ని తెచ్చి పట్టిత్తన్నారు.

ఆ పొద్దున్న వ్యాగన్లు కొస కనపడకుండా ఆగున్నాయి. వానకి గుంటలు ఆలస్యంగా తేలేరు. మా ఈది సన్యాసిరాజు కూతురు హేమశ్రీకి బరతమాత ఏసం. అట్టముక్క కిరీటం తడిసిపోతందని ఆడికి ఒకటే కంగారు.

"అప్పా, ఈ బండి గంట నుంచి కదల్లేదు. సుట్టూ తిరిగేలోపు జెండా ఎగిరిపోద్ది. కిందనుంచి దాటించెయ్యి."

"నాను దాటించను."

"ఓలమ్మ, టేసన్ మాస్టరమ్మ ఆర్డరేసేసిందండి!"

గుంటలు నవ్వేరు. నూకాలప్ప నవ్వలేదు. "కావాలంటే నువ్వు దూరు రాజూ. పిల్ల నాతోటే వత్తాది."

ఆడు ఇనలేదు. పిల్ల సెయ్యి తాడు మీంచి ఇడిపించీసి, "ఒంగో అమ్మా, బేగి బేగి" అని బండి కిందకి తోసేసినాడు.

ముందరెక్కడో బుస్సుమంది. బ్రేకులు ఒగ్గేరు. వ్యాగన్ ఎనక వ్యాగన్ కుదుపు, దడ దడ దడ, మా ఏపే వొచ్చేత్తంది. గుంటలు కెవ్వుమన్నారు.

"తాడు ఒగ్గకండర్రా!" అని అరిసేను.

హేమశ్రీ బయంతో పట్టాల నడమ కూకుండిపోయింది. నూకాలప్ప బురదలో బోర్లా పడి, పిల్ల సెయ్యి దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. పిల్ల ఇవతల పడ్డాది. కిరీటం మీంచి బండి సక్రం ఎల్లిపోనాది.

పిల్ల బతికింది. మోసెయ్యి ఇరిగింది.

సాయంత్రం కట్టు కట్టించుకొచ్చి సన్యాసిరాజు ఈది మద్దెన నిలబడ్డాడు. "ఈ ముసల్ది గుంజబట్టే నా పిల్ల సెయ్యిరిగింది!"

"గుంజకపోతే ఏటి మిగులును రా?" అన్నాను.

"నువ్వూరుకో బావా" అన్నారు పక్కోళ్లు. ఆడు ఈది కమిటీ మనిసి. ఆడికెదురు ఎవుడు మాట్టాడతాడు?

మరుసటేడు పద్నాలుగో తారీకున నూకాలప్ప ఇంటింటికీ తిరిగినాది. "రేపు పిల్లల్ని పంపండే." ఒకమ్మ జొరమంది. ఒకమ్మ ఆటో మాట్టాడేసుకున్నామంది. సందు సివరింటి గౌరీశ్వరి, సిన్నప్పుడు ఆ తాడు పట్టుకు నడిసిన పిల్లే, తలుపు సగం తీసి, "మా ఆయన వద్దంటన్నాడప్పా" అనీసి మూసేసింది.

తెల్లారి పంద్రాగస్టు. నాను డ్యూటీ దిగొచ్చేసరికి ఆవిడ గది తలుపు బార్లా తీసుంది. లోపల మనిసి లేదు, బట్టల మూటా లేదు. ఎలమంచిలి ఏపు పేసింజరెక్కిందని ఎవుడో అన్నాడు. ఈదిలో ఎవురికీ ఒక్క మాట సెప్పలేదు. నాకూ సెప్పలేదు.