ఐదు శ్రుతి సోమయ్య

మోతె ఊళ్లో సోమయ్యకు ఇంటిపేరు ఒకటి ఉండేది గానీ, అది రేషన్ కార్డు వరకే. పద్యనాటకాలు చూసేవాళ్లకు ఆయన ‘ఐదు శ్రుతి సోమయ్య’. హార్మోనియం మీద శ్రుతి అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. మిగతా రాజు వేషగాళ్లు నాలుగు దగ్గరే చెమటలు కక్కుతుంటే, సోమయ్య ఐదులో పద్యం ఎత్తుకుని, రాగం తీస్తూ తీరిగ్గా కిరీటం సర్దుకునేవాడు. జనం “వన్స్ మోర్” అంటే మళ్లీ పాడాల్సిందే, అది స్టేజీ ధర్మం. ఒక జాతరలో రాజు చచ్చిపోయాక కూడా వన్స్ మోర్ అంటే లేచి పాడి, మళ్లీ పడుకుని చచ్చిన ఘనుడు.

పగలు గొర్రెల కాపరి. మందను కూడా రాగం తీసే పిలిచేవాడు.

“పెండ్లాన్ని ఒక్కనాడు గంత ముద్దుగ పిలువలే,” అని భార్య లక్ష్మీనర్సమ్మ దెప్పేది.

ఆయనకు హార్మోనియం పట్టేది మిర్యాలగూడ దావీదు. 2001 నుంచి ఒకరు లేకుండా ఒకరు స్టేజీ ఎక్కలేదు. సోమయ్య ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో దావీదు వేళ్లకు తెలుసు. యాభై దగ్గరపడ్డ ఆ గొంతు అరుగుతోందని కూడా ముందు ఆయనకే తెలిసింది.

“అన్నా, జర నాలుగుకు దిగుదాం. పద్యం గదే, రాగం గదే.”

“ఐదు పోతే ఇగ నా పేరేడుంటది తమ్మీ?”

2007లో కోదాడలో పోటీలు. ఆ రోజు సోమయ్యకు జలుబు. దావీదు చెప్పకుండా నాలుగున్నర పట్టాడు. పాడబోయిన సోమయ్య టక్కున ఆగి, నిండు సభలో వెనక్కి తిరిగి గద్దించాడు.

“ఎవర్ని అడిగి దించినవ్? ఐదు పట్టు!”

జనం ఈలలు వేశారు. దావీదు తల వంచుకుని శ్రుతి మార్చాడు. సోమయ్య పాడాడు. వన్స్ మోర్. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారి రాగం మధ్యలో గొంతు తెగింది. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

సూర్యాపేటలో ఎన్ని మందులు వాడినా మాట మాత్రమే బొంగురుగా తిరిగొచ్చింది, పాట రాలేదు. గొర్రెలు ఆ గొంతును గుర్తుపట్టలేదు. రేకు డబ్బా కొట్టి పిలవాల్సి వచ్చింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సోమయ్యకు తన మీద తనకే అసహ్యం వేసేది. తిట్టిన ఆ మాటకు దావీదును క్షమాపణ అడగాలని రోజూ అనుకునేవాడు. మిర్యాలగూడ ఎంత దూరమని! అయినా పోవడానికి ఏడేళ్లు పట్టింది.

2014లో, గడపలో సోమయ్యను చూడగానే దావీదు ఏడ్చేశాడు.

“తప్పు నాదన్నా. గందరిల తిట్టినవని కోపమొచ్చి, ఐదు గాదు, ఐదున్నర పట్టిన. నీ గొంతు నేనే ఖతం చేసిన.”

“నాకెరుకే తమ్మీ. మొదటి అక్షరానికే ఎరుకైంది.”

దావీదు కళ్లు తుడుచుకోవడం ఆపేశాడు. “దించితే ఆగినోడివి, పెంచితే ఎందుకాగలే?”

“జనం ముందల, నాకు ఎక్కువైంది దించుమని ఎట్ల అందునే?”

దావీదు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“నీకెరుకేనన్న గీ ఒక్క మాట గప్పుడే చెప్తే అయిపోవు గదన్నా. నీ గొంతు తీసిన చేతులని, గప్పటికెల్లి నేను హార్మోనియం పెట్టె ముట్టలే.”

క్షమాపణ అడగడానికి వచ్చిన సోమయ్యకు, ఇప్పుడు దేనికని అడగాలో తెలియలేదు.