పసుపు మూటకు కట్టిన విమానం తీగ

మా చిన్నప్పుడు... బాపు దుబాయ్ నుంచి తెచ్చిన రిమోట్ విమానం ఆయన సెలవంతా బీరువా మీదే ఉండిపోయింది. చుట్టాలు, పెళ్లిళ్లు, పలకరింపులు... రేపు ప్రయాణమనగా ఆ సాయంత్రం దాన్ని కిందికి దించాడు.

"పోయేలోపల ఒక్కసారన్న లేపుదాం బిడ్డా" అన్నాడు.

మాది ఆర్మూర్. ఉడకబెట్టిన పసుపు కళ్లాల నిండా ఆరుతున్న రోజులవి... బాపు దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. ఎవరో ఇంజనీరు ఇల్లు మారుతూ ఆ విమానం ఇచ్చేశాడట. శుక్రవారం సెలవుల్లో ఎగరేయడం నేర్చుకున్నాడు, నాకు చూపించాలని. రెండేళ్లకోసారి వచ్చే మనిషి కదా... కన్నతండ్రే అయినా నాకు ఆయనంటే కాస్త బెరుకు. అది ఆయనకూ తెలుసు.

కళ్లం దగ్గర విమానం డొక్క తెరిచి చూపించాడు. లోపల ఓ చిన్న డబ్బా, దాని పక్కన అగ్గిపెట్టెంత మోటార్లు.

"రిమోట్ చెప్తది, గీ రిసీవర్ ఇంటది, గీ సర్వో మోటర్ పని చేస్తది. గంతే."

"చెప్తె ఇని పని చేసేటోళ్లు గీ డబ్బలనే ఉన్నరన్నట్టు" అంది అమ్మ నా వైపు చూస్తూ.

ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒకరు రిమోట్ పట్టుకుని దూరం నడవాలి. ఇంకొకరు విమానం పట్టుకుని, తోక దగ్గరి పలక కదులుతోందో లేదో కేకేసి చెప్పాలి. విమానం అమ్మ పట్టుకుంది. బాపు నాలుగడుగులు వేశాడో లేదో పలక చలిజ్వరం వచ్చినట్టు వణికింది... ఆ తర్వాత కదల్లేదు.

"వచ్చిన్నాడు సూస్తె మంచిగనే ఉండె గదా!"

అంటూ బాపు మళ్లీ డొక్క తెరిచాడు. రిసీవర్ నుంచి తోక దాటి వేలాడాల్సిన పొడవాటి తీగ జానెడే మిగిలింది.

అమ్మ ముఖం చిన్నబోయింది. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించే కత్తెర ఎప్పుడూ ఒళ్లోనే ఉండేది. నా గౌను దారమైనా, దీపం వత్తైనా, వేలాడేది కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు.

"దుమ్ము దులుపుతుంటె ఏలాడుతుండె... ఉత్తగనే ఉన్నదనుకొని కత్తిరిచ్చిన."

"గదే దాని చెవి" అన్నాడు బాపు. కోప్పడలేదు. "పోనీతియ్, మల్లొచ్చినప్పుడు సూద్దాం."

మళ్లీ వచ్చినప్పుడంటే ఎప్పుడో నాకు తెలుసు. ఏడుపు ఆగలేదు.

అమ్మ ఇంట్లోకి పోయింది. ప్రయాణానికి కట్టిపెట్టిన సంచి విప్పి పసుపు పొడి మూట తెచ్చింది. దాని మూతికి బిగించి కట్టి ఉంది... ఆ తీగే! బట్టల మీద పొడి పడకుండా గట్టిగా ఉంటుందని కట్టిందట. బాపు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తెల్లటి తీగ పచ్చగా అయిపోయింది. అక్కడే తన పనిముట్లు తీసి అతికించాడు.

మళ్లీ పరీక్ష. ఈసారి బాపు నడుస్తూ, పసుపు కుప్పలు దాటి, అవతలి గట్టు దాకా పోయాడు. ఆయన వేళ్లు మాకు కనిపించడం లేదు. అమ్మ చేతుల్లో పలక మాత్రం పైకీ కిందికీ ఊగుతోంది.

"కదుల్తున్నదీ!" అరిచింది అమ్మ. పరీక్ష ఎప్పుడో అయిపోయింది... అయినా ఆయన ఆపలేదు, ఈమె అరవడం ఆపలేదు. చివరికి అమ్మ గొంతు బొంగురుపోయింది.

పొద్దుగూకేదాకా ఎగరేశాం. రిమోట్ నా చేతుల్లో పెట్టి, నా వేళ్ల మీద తన వేళ్లు ఉంచాడు. బెరుకు ఎటు పోయిందో!

తెల్లారి బాపు వెళ్లిపోయాడు. పసుపు మూటకు ఈసారి పాత చీర అంచు కట్టింది అమ్మ.

ఇప్పుడు బాపు ఇక్కడే ఉంటున్నాడు. నా కూతురి విమానంలో రిసీవర్ గోరంత, దాని తీగ వేలంత. మొన్న అదే కళ్లం దగ్గర బాపు రిమోట్ తీసుకుని దూరంగా నడవబోయాడు.

"సిగ్నల్ స్క్రీన్ మీదనే కనిపిస్తది తాతా" అంది నా కూతురు.

అయినా గట్టు దాకా పోయి, ఇటు తిరిగి నిలబడ్డాడు. అలాగే చూస్తూ ఉన్నాడు... అమ్మ పోయి రెండేళ్లు. ఆయన దేనికోసం ఆగాడో నాకు అర్థమైంది. విమానం రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నా గొంతంతా పెట్టి అరిచాను... "కదుల్తున్నదీ!"

ఇప్పుడు దేనికీ అవతల ఓ మనిషి నిలబడి కేకేయాల్సిన పని లేదు... మీకు అలా కేకేసి చెప్పినవాళ్లు ఎవరో రాయండి. బాపుకు చదివి వినిపిస్తాను.