గునుగు పూలు ఎర్రబడ్డ యేడు

ఆ దినాలల్ల పూలు కొనుడంటే మాకు తెల్వదు. పూలు అంగట్ల దొరుకుతయని ఎవ్వలన్న అంటే, గట్లయితె గాలి కూడ అమ్ముతరా అని పండ్లన్ని బయటవెట్టి నవ్వెటోళ్లం. బతుకమ్మ పండుగ వచ్చిందంటే నిజామాబాద్‌ల ఆడోళ్లంత గంపలు చంకలవెట్టుకొని గట్లెంబడి, బండ్లబాటలెంబడి పడెటోళ్లు. తంగేడు యాడ పూస్తది, గునుగు ఎవల చేన్ల మొలుస్తది, కట్లపూలు ఏ కంపల దాక్కుంటయి అన్నది అక్షరం ముక్క రాని పిల్లకు కూడ నోటికుండేది. ఇప్పుడు నా మనుమరాలు దుకాణంకెళ్లి సంచిల పూలు తెచ్చి, "నాయనమ్మా, అర్ధగంటల బతుకమ్మ అయిపోతది చూడు" అంటది. అయితది బిడ్డా, ఎందుకుగాదు. మాకు మాత్రం రెండు దినాలు పట్టేది, ఒళ్లంత ముండ్లు గీరుకునేది, ఆఖరికి ఒక్కోసారి ఆగమాగం కూడ అయ్యేది. ఆ ఆగం ముచ్చటే ఇప్పుడు చెప్తున్న.

బోధన్ దిక్కు చక్కెర కార్ఖానా కొత్తగ లేస్తున్న దినాలవి. యాడ చూసినా చెరుకే. నాకంటే ఐదారేండ్లు పెద్దదైన మా అక్కను ఆ యేడు ఎండకాలంల రెంజల్ దిక్కు చెరుకు రైతుల ఇంటికిచ్చి పెండ్లి చేసిండ్రు. పెండ్లయినంక అది మొదటి బతుకమ్మ గనక మా ఇంటికొచ్చింది. అది వచ్చిన సంది నాకు కాళ్లు నేల మీద నిలువలే. దాని పక్కలనే పండుకునుడు, దాని కంచంలనే తినుడు. కాని సద్దుల బతుకమ్మ నాడు, అంటే ఆఖరి దినం, దాని అత్త పొద్దుగాల్నే బండి కట్టుకొని వస్తనని, ఆ తెల్లారి కోడలును తోలుకపోతనని కబురు పంపింది. దసరా వాళ్లింట్లనే చెయ్యాలెనట. మా అందరికేమో అది దీపావళి దాక ఉండాలెనని ఆశ. అక్కకైతె మస్తు ఆశ, గని కొత్త కోడలు నోరు తెరిచి అంటదా? రాత్రి నా చెవుల, "ఉంటె ఎంత మంచిగుండునే" అని మాత్రం అన్నది. అన్నదంటే ఇగ నేనాగుతనా?

ఆ అత్తను మా ఇంట్ల, పోలీసు కొత్వాల్ తీరు ఉంటదని, కొత్వాలత్త అనేది. (ఆమె ముంగట కాదు. ఆమె ముంగట అసలు ఎవ్వలకు మాటలే వచ్చేటియి కావు.) మనిషి ఎత్తుగ, ముక్కుకు ఇంత పెద్ద ముక్కుపుడక, చూపు మీదవడితె చేతుల ఉన్నది జారి కిందవడాలె. మా బాపు ఊరందరితోని గలగల మాట్లాడే మనిషి, అంగడిల ఆయన దుకాణం కాడ ఎప్పుడూ నలుగురు కూసునే ఉండేటోళ్లు. గసొంటాయన, కొత్వాలత్త రాంగనే, "ఇయ్యాల అడుగుత, దీపావళి దాక పిల్లను ఉంచుమని అడిగే తీరుత" అని అవ్వకు (అమ్మను మేము అవ్వనే అనెటోళ్లం) చెప్పి, తువ్వాల దులిపి భుజం మీదేసుకొని పోయి ఆమె ముంగట నిలవడ్డడు. నేను తలుపు సందుల నుంచి చూస్తున్న. ఆమె తలెత్తి చూసింది. బాపు గొంతు సవరిచ్చుకొని, "చెరుకెట్లున్నదమ్మా ఈయేడు?" అన్నడు. "ఉన్నది" అన్నదామె. "మంచిది" అని బాపు తిరిగొచ్చిండు. అవ్వ వంతు వచ్చింది. అవ్వ పోయి, "వదినా, ఇంకింత పెరుగేయనా?" అని వచ్చింది. ఇద్దరూ వంటింట్ల ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

అప్పుడు నాకు తోచిందేందంటే, బతుకమ్మను గొప్పగ పేరిస్తె కొత్వాలత్త సంబురపడ్తది, సంబురపడ్తె అక్కను ఉంచుతది. పదకొండేండ్ల పిల్లకు అంతకంటె పెద్ద ఉపాయం యాడికెళ్లొస్తది? పూలు తెచ్చే పని మీదేసుకొని, మా పక్కింటి గంటల పెద్దమ్మను తోలుకొని బయలెల్లిన. (ఆమె మెల్లగ మాట్లాడినా మూడిండ్లకు ఇనవడేది, అందుకే ఆ పేరు.) అసలైతె కోడికూతకే పోవాల్సుండె, ఎందుకంటె తంగేడు కోసం ఊరంత పోటీ. కాని గంటల పెద్దమ్మతోని నడుచుడంటే నడుచుడు కాదు, నిలవడుడు. ఎదురైనోళ్లందరితోని ముచ్చట. ఊరు దాటేసరికే ఎండెక్కింది. ఆ తర్వాత బోధన్ బాటల ఒక చెరుకు తోట వచ్చింది. తోటాయన పెద్దమ్మకు చుట్టం వరుస, రెండు గడలిచ్చిండు. "జర దమ్ము తీసుకుందామే" అని పెద్దమ్మ గట్టు మీద కూసున్నది. ఆమెకు ఒక దిక్కు పండ్లు లేవు, ఉన్న దిక్కుతోనే నమిలేది. ఆమె గడ అయ్యేదాక నాది కూడ నమలాలె గద. నమిలి నమిలి, చేతులు తుడుసుకొని, మేము తంగేడు గుట్ట కాడికి పోయేసరికి చెట్లకు ఆకులున్నయి, కాయలున్నయి, పువ్వు మాత్రం ఒక్కటి లేదు. మాకంటె ముందుగాల వచ్చినోళ్లు అన్ని దూసి తీసుకపోయిండ్రు. పెద్దమ్మ నడుము మీద చెయ్యేసుకొని, "ఎవ్వలే గింత దుర్మార్గులు, జరంతన్న ఇడిసిపెట్టద్దా!" అని గుట్టను అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. తంగేడు లేకుంటె బతుకమ్మ యాడిది? ఆ పసుపుపచ్చ వరుసలతోనే గద ఆమెకు ఆ కళ. కనవడ్డ జొన్నచేన్లల్ల వడి గునుగు మాత్రం రెండు గంపలు కోసినం. గునుగు దొరకనిదెప్పుడు? తెల్లగ, నక్క తోకల తీరు మెత్తగ, పిలువకున్నా చేన్లల్ల మొలుస్తది. వాపసొచ్చేటప్పుడు బాటల ఆలోచించుకుంట ఆలోచించుకుంట, ఉన్నట్టుండి ఎగిరిన. గునుగుకు రంగులద్దుడు అందరు చేసేదే గద! పసుపు కలిపి ముంచితె పసుపుపచ్చగైతది, దూరంకెళ్లి చూస్తె తంగేడనే అనుకుంటరు. పసుపు పండేటి దేశంల పుట్టి పసుపుకు కరువా? పెద్దమ్మ నా నెత్తి నిమిరి, "నీ తెలివి తగలవడ, బాపు పోలికే" అన్నది.

ఇంటికొచ్చి వెనుక వాకిట్ల కనవడ్డ గోలెంల నీళ్లు వోసి, అవ్వ దంచిపెట్టిన పసుపు ఇన్ని గుప్పిళ్లు అందుల కుమ్మరిచ్చి, చేతులతోని కలిపి, ఒక కట్ట గునుగు ముంచిన. తీసి చూస్తె ఎర్రగున్నది. కండ్లు నులుముకొని మల్ల చూసిన. రక్తం తీరు ఎరుపు. పసుపు తక్కువైందేమోనని ఇంకింత ఏసిన. ఇంకింత ఎర్రగైంది. నేను ముంచుడు, అది ఎర్రవడుడు. నా చేతులు మోచేతుల దాక పారాణి వెట్టిన తీరయినయి. అక్క వచ్చి చూసి గోలెం అడుగుల చెయ్యి వెట్టి, "ఓ పిచ్చిమొద్దా, గిది గోడలకేసే సున్నం నానేసిన గోలెమే!" అని నవ్వుకుంట కిందవడ్డది. పండుగకని బాపు మొన్ననే ఇంటికి సున్నమేయించిండు. పసుపుల సున్నం కలిస్తె పారాణైతదని ఆడపిల్లను, నాకు ఎరికలేదా? ఎరికే. గోలెంల సున్నమున్నదన్నదే ఎరికలేదు.

ఇగ ఆరవెట్టే సమయం లేదు, మల్ల కోసుకొచ్చే సమయం లేదు. అవ్వ నెత్తి కొట్టుకొని, "కానీయి, ఎరుపైతేంది, కుంకుమ రంగేనాయె" అని పేర్సుడు షురూ చేసింది. పెద్ద తాంబాళంల కొత్వాలత్తకు ఇచ్చే చీర, రైక, పండ్లు సదిరి ఉన్నయి గనక, గంజి వార్సుకునే పెద్ద ఇత్తడి శిబ్బిల గుమ్మడాకులు పరిచి పేర్చింది. శిబ్బికి ఉన్నయన్ని తూట్లేనని ఆ ఆత్రంల ఎవ్వలకు యాదికి రాలే. తడి గునుగు వరుసెనుక వరుస, నడుమ నడుమ బంతి, కట్ల, పైన గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ. నిజం చెప్పాలెనంటే మస్తున్నది. అంత ఎర్రటి బతుకమ్మను మా వాడల ఎవ్వలు చూసి ఉండరు.

మాపటికి అందరం చెరువు కట్టకు బయలెల్లినం. అక్క వంగి శిబ్బి ఎత్తుకోబోతుంటె కొత్వాలత్త ఆపి, "మా కోడలు మొదటి బతుకమ్మ, నేనెత్తుకుంట" అన్నది. అవ్వ నా దిక్కు చూసింది, నేను అక్క దిక్కు చూసిన. ఎవ్వలం ఏమంటం? ఆమె నెత్తి మీద సుట్టబట్ట పెట్టి, దాని మీద బతుకమ్మనెత్తినం. ముందల ఆమె, వెనుక మేము. సగం బాట దాక ఏం గాలే. చెరువు కట్ట ఎక్కేటప్పుడు శిబ్బి జర ముందుకు వొరిగింది. ఎర్రటి నీళ్లు తూట్లల్లకెళ్లి ఆమె నుదురు మీదికి ఒక దార, చెంపల మీదికి రెండు దారలు, ముక్కుపుడక మీదికెళ్లి బొట్టు బొట్టు.

"ఏందే ఇది!" అని అరిచింది. అరుస్తే కట్ట మీదున్న ఆడోళ్లంత తిరిగి చూసిండ్రు. ఎత్తైన మనిషి, ఎర్రటి మొఖం, నెత్తిన ఎర్రటి బతుకమ్మ, ఉరిమి చూసే కండ్లు. గంటల పెద్దమ్మ రెండు చేతులు పైకెత్తి, "శిగమొచ్చిందే! పూనకమే! తల్లి దిగొచ్చిందే!" అని కేకేసింది. ఆ గొంతు సంగతి చెప్పిన గద. కట్ట ఆ కొసకెళ్లి కూడ ఉరికొచ్చిండ్రు.

"కండ్లు మండుతున్నయే!" అన్నది కొత్వాలత్త. "మండుతున్నదట, తల్లిని సల్లవెట్టుండ్రి!" అన్నది పెద్దమ్మ. బతుకమ్మను దించి, చెంబులకు చెంబులు నీళ్లు మొఖాన, కాళ్ల మీద కుమ్మరిచ్చిండ్రు. "ఇడువుండ్రే నన్ను!" అన్నదామె. "పోతనంటున్నది, అడిగేటియి జల్ది అడుగుండ్రి!" అన్నది పెద్దమ్మ. ఒకామె తన బిడ్డకు సంబంధం ఎప్పుడు కుదురుతదని అడిగింది. ఇంకొకామె కాళ్ల మీదవడి, "నా బర్రె తప్పిపోయింది తల్లీ, ఏ దిక్కున్నదో చెప్పు" అన్నది. కొత్వాలత్త ఊపిరాడక, "అటు జరుగు!" అని చెయ్యి విసిరింది. ఆమె లేచి ఆ చెయ్యి చూపిన దిక్కే ఉరికింది. (బర్రె ఆ దిక్కే దొరికింది. దానికి నన్ను జవాబడగద్దు.)

అక్క భయంతోని అవ్వ కొంగు వట్టుకున్నది. నాకు ఆ గడియల ఏం పుట్టిందో ఏమో, ఆడోళ్ల సందులకెళ్లి దూరి, కొత్వాలత్త ముంగట రెండు ఎర్రటి చేతులు జోడిచ్చి, "తల్లీ, మా అక్కను దీపావళి దాక మా ఇంట్ల ఉంచు తల్లీ" అన్న.

అవ్వ మొఖంల నెత్తురు చుక్క లేదు. కొత్వాలత్త నా మొఖం చూసింది, నా చేతులు చూసింది. ముక్కుపుడక మీది చుక్క కిందవడింది. "ఉండనీయుండ్రి" అన్నది మెల్లగ. "తల్లి మాట! అందరు ఇన్నరా!" అని పెద్దమ్మ ఊరందరికి ఇనిపిచ్చింది. ఇగ ఆ మాటను వాపసు తీసుకునుడు ఎవ్వల తరం?

ఆటపాటలయినయి, బతుకమ్మ నీళ్లల్ల వడ్డది. ఇంటికొచ్చినంక కొత్వాలత్త నన్నొక్కదాన్నే వెనుక వాకిట్లకు పిలిచింది. చేతుల శనగపిండి వెట్టి, మొఖం రుద్దుమన్నది. నేను రుద్దుతున్న, రంగు పోతలేదు. ఆమె నా చెయ్యి వట్టుకొని తన చెంపకు ఆనిచ్చి చూసుకున్నది. రెండూ ఒక్కటే రంగు. దొరికిపోయిన.

"తల్లినడిగినవా, నన్నడిగినవా పిల్లా?" అన్నది.

అబద్ధం నోటికి రాలే. "తల్లినే. నిన్నడగాలంటె భయమైతది" అన్న.

ఆమె కోపం చేస్తదనుకున్న. చెయ్యలే. "మీ బాపు వచ్చి చెరుకు సంగతడిగిండు. మీ అవ్వ పెరుగు సంగతడిగింది. పొద్దటి సంది చూస్తున్న, ఒక్కలన్న పిల్లను ఉంచుమని అడుగుతరేమోనని. నేనేమో అడిగితె ఇద్దామనే వచ్చిన. నన్నెవ్వలు ఏదీ అడగరే బిడ్డా" అన్నది.

నేను శనగపిండి చేతులతోనే ఆమెను గట్టిగ పట్టుకున్న. ఎందుకో తెల్వదు, ఏడ్చిన. ఆమె కూడ కండ్లు తుడుసుకొని, సున్నం మండుతున్నదన్నది.

అక్క దీపావళి దాక ఉన్నది. ఆ తర్వాత ప్రతి యేడు ఉన్నది, ఎందుకంటె ప్రతి యేడు నేను పోయి అడిగిన. ఇప్పుడు అక్క లేదు, ఆ అత్త లేదు. నేనే అత్తనై, ముసలిదాన్నై కూసున్న. నా మొఖం కూడ జర కరుకేనంటరు, నా ముంగట కొడుకులు కూడ మాటలు మింగుతరు. అందుకే బతుకమ్మకు కోడలు పుట్టింటికని బట్టలు సదురుకునేటప్పుడు, అది నోరు తెరవక ముందే, "దీపావళి దాక ఉండి రా బిడ్డా" అంట. అది బట్టలిడిసిపెట్టి నా మొఖంల మొఖం వెట్టి చూస్తది, అత్తకు శిగమేమన్న వచ్చిందా అని.