తమరి రాజుగారండీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు అతిశయోక్తి జబ్బుంది. దోమ కుడితే పాము కరిచిందని రాస్తాను. ఇందులో ప్రతి సంగతినీ సగానికి కోసుకుని చదువుకోండి.

తొంభైల చివర్లో బదిలీ మీద రామచంద్రపురం వచ్చి పడ్డాను. నా అద్దెగది ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోడమీద బల్లి ఆవులించినా ఉలిక్కిపడేవాణ్ణి. ఆఫీసు వదిలాక నాతో మాట్లాడే మనిషి ఊరంతటికీ ఒక్కరే: సందు మొగలో కుట్టుమిషను పెట్టుకున్న పెద్దాయన.

బట్టలు కత్తిరించే బల్లమీద ఆయన సుద్దతో చదరంగం గళ్ళు గీసేవారు. రాజు కోటుగుండీ, బంట్లు చొక్కాగుండీలు, గుర్రాలు ప్యాంటు హుక్కులు. నా రాజుకి ఆపద తెచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి, "తమరి రాజుగారండీ... కాస్త చూసుకోండి" అనేవారు.

"అందరిలా 'షా' అనేస్తే సరిపోతుంది కదండీ?" అన్నానొకసారి.

"కుక్కని అదిలించినట్టుంటుందండి. ఎంతైనా రాజు కదా!"

ఆ షా అన్న మాట ఎక్కడ పుట్టిందో చూద్దామని గ్రంథాలయంలో దుమ్మంతా నేనే పీల్చాను. పారశీకంలో షా అంటే రాజే. నీ రాజుకి ప్రమాదం సుమా అని ఎదుటివాణ్ణి ముందుగా హెచ్చరించడం ఆటలో మర్యాద. ఇంగ్లీషువాళ్ళ చెక్ కూడా ఆ షా లోంచి వచ్చిందేనట. ఈయన ఏ పుస్తకమూ తెరవకుండానే దానికి అండీ తగిలించి తెలుగు చేసేశారు! పరిగెత్తుకెళ్ళి చెప్పాను.

"మరి ఆట కట్టినప్పుడు షా మాత్ అంటారు కదా, అంటే రాజు చచ్చినట్టాండి?" అన్నారు.

"చాలామంది అలాగే అనుకుంటారండి. కాదట. దిక్కుతోచక ఉండిపోయాడని. ఎవరూ చంపరు. ఎటూ కదల్లేడు, అంతే."

"అయ్యబాబోయ్, అంతకన్నా చంపేస్తేనే నయమండి" అన్నారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

రెడీమేడ్ బట్టలొచ్చి ఆయన మిషను చప్పుడు తగ్గిపోయింది. "భీమవరంలో అల్లుడుగారి షాపులో కూర్చుంటానండి. జనం కొన్న ప్యాంట్లు పొట్టి చేసే పని" అన్నారు ఒక ఆదివారం. వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆఖరి ఆట వేశాం. ఒక్క ఎత్తులో ఆయన ఆట కట్టించొచ్చు. కట్టించలేదు. "రాజుగారండీ" అన్నారు. పక్క గడిలోకి జరిగాను. మళ్ళీ "రాజుగారండీ". వెనక్కి వచ్చాను. అలా మూడు వందల సార్లు. ఆట అయిపోతే నేను లేచి ఆ గదికి పోవాలని ఆయనకు తెలుసు.

ఇక ఒప్పుకోవాలి. గుండీలు నిజం, సుద్దగళ్ళు నిజం, బల్లి ఆవులింత కూడా ఇంచుమించు నిజమే. కల్పించింది ఆ ఆఖరి ఆట. బయట సామాను వ్యాను హారన్ మోగుతూనే ఉంది. ఆయన పన్నెండో ఎత్తుకే కట్టించేసి, "ఏమనుకోకండి, డ్రైవరు గోలపెట్టేస్తున్నాడు" అంటూ గుండీలన్నీ డబ్బాలోకి ఊడ్చుకున్నారు. నా చేతిలో ఉండిపోయిన కోటుగుండీని కూడా అడిగి తీసుకున్నారు. ఆ బల్లని ఒక చివర నేనే పట్టుకుని వ్యానులోకి ఎక్కించాను, గళ్ళు చెరగకుండా.