పిన్ని వెనక్కి తిప్పిన తేదీ

మా పిన్నిని వీధిలో అందరూ అర్జీల పిన్ని అంటారు. కోర్టు వెనక మెట్ల కింద ఇరుకు గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. పదకొండేళ్లుగా జనం మొరలన్నీ అక్కడే టైపవుతున్నాయి. చదివింది ఎనిమిదో తరగతి. తెరమీద ఏ హెచ్చరిక వచ్చినా చదవదు. ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘ముందుకెళ్లు’ నొక్కుతుంది. ఈ మధ్య రోజూ అదే పని.

"కుక్క మొరిగిందని దారి మానుకుంటామా?" అనేది.

ఆ రోజు కుక్క దారికి అడ్డంగా పడుకుంది.

నాలుగుంబావుకి ఒక లారీ డ్రైవరు కూతుర్ని వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. పిల్లకి నర్సింగు సీటొచ్చింది. ఐదులోపు సైటులో ‘సమ్మతం’ నొక్కకపోతే తరవాతి వాళ్లకి పోతుంది. లోడు దింపేసరికి ఇంతసేపైందట. పిన్ని సైటు తెరిచింది. ఎర్ర త్రికోణం. ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు.’ అడ్వాన్స్‌డ్ నొక్కింది. ఈసారి ‘ముందుకెళ్లు’ లేదు. కొన్ని సైట్లు ఆ దొడ్డిదారి ఇవ్వవు.

ఇంటర్నెట్ వైరు పీకి మళ్లీ పెట్టింది. ఇంకో బ్రౌజరులో చూసింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. అదే త్రికోణం. నాలుగున్నర దాటింది. పిల్ల చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది.

"సైటే పాడైందేమోనమ్మా?" అన్నాడు డ్రైవరు.

పక్కనే కూర్చున్న నేను నా ఫోనులో చూశాను. తెరుచుకుంది. కానీ సమ్మతం కంప్యూటరు నుంచే తెలపాలని రాసుంది.

"సైటు బాగానే ఉంది పిన్నీ. జబ్బు నీ కంప్యూటరుకి."

"కాలేజీకి ఎగనామం పెట్టినోడివి, నువ్వెప్పుడు డాక్టరువయ్యావురా?"

"చదవడం మానలేదుగా. జరుగు."

హెచ్చరిక చివరిదాకా చదివాను. సర్టిఫికెట్ తేదీ చెల్లదంటోంది. ప్రతి సైటుకీ గుర్తింపు కార్డులాంటిది ఒకటుంటుంది, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని. దీని కార్డు పోయిన నెలే మొదలైంది. తెర మూల తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది! ఈ కంప్యూటరు లెక్కలో ఆ కార్డు ఇంకా పుట్టనేలేదు.

"తేదీ ఎవరు మార్చారు?"

పిన్ని మొహం పాలిపోయింది. "నేనేరా. అర్జీలు టైపు చేసే ప్రోగ్రాం గడువైపోయింది. వెనక్కి తిప్పితే నడుస్తుందని అది పెట్టినోడు చెప్పాడు. మళ్లీ ముందుకి తెచ్చావంటే మాత్రం ఇంక తెరుచుకోదన్నాడు. నా అర్జీ నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి."

నాలుగూ నలభై ఎనిమిది. పిల్ల ఏడవడం లేదు. అదే చూడలేకపోయాను.

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు డ్రైవరు.

"పట్టుకుంటే నొప్పులేమైనా తగ్గుతాయా? లే," అని పిన్ని మౌసు నా చేతిలోంచి లాక్కుంది. తేదీ తనే మార్చింది. వెనకాల తెరిచి ఉన్న ప్రోగ్రాం ‘గడువు ముగిసింది’ అని ఒక పెట్టె చూపించి మూసుకుపోయింది. పిన్ని ఆ పెట్టె చూడనట్టే సైటు తెరిచింది. త్రికోణం లేదు. పిల్ల తన కాగితం మీది నంబరు కొట్టింది, తప్పు కొట్టింది, మళ్లీ కొట్టింది. నాలుగూ యాభై ఆరుకి సీటు ఖాయమైంది. ప్రింటరులోంచి వచ్చిన రసీదు డ్రైవరు రెండు చేతులా అందుకున్నాడు.

పిన్ని తేదీ మళ్లీ వెనక్కి తిప్పింది. ప్రోగ్రాం తెరవబోయింది. అదే పెట్టె. ఇంకోసారి. అదే పెట్టె.

"పోయిందిరా," అంది నాకు మాత్రమే వినపడేట్టు.

డ్రైవరు రసీదు జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అమ్మా, ఇంకొక్క పని. పిల్లకి హాస్టలు కోసం రేపు పొద్దున్నే అర్జీ ఇవ్వాలట. టైపు చేసిపెడతారా?"

నేను నోరు తెరవబోయాను. పిన్ని కళ్లతోనే నన్ను ఆపింది. సొరుగు లాగి తెల్లకాగితం, పెన్ను తీసింది. చేత్తో రాసి ఎన్నేళ్లయిందో, మొదటి అక్షరమే రెండుసార్లు దిద్దింది.

"చెప్పవయ్యా," అంది. "నెమ్మదిగా చెప్పు."